మెగా 11: ఎలైన్‌మెంట్ కళ్లెదుటే ఉన్నా మళ్లీ ఫైలు అడుగుతోంది

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు పులస మీద. మైటోకాండ్రియాలోని సీఓ1 జన్యువు సీక్వెన్సులు (డీఎన్‌ఏ అక్షరాల వరుసలు) 14 ఉన్నాయి. ఆరు మేము తీయించినవి, మిగతావి జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ సీక్వెన్సుల నిధి నుంచి తెచ్చుకున్నవి. అవి ఉన్న ఫాస్టా ఫైలును మెగా 11లో (సీక్వెన్సులు పోల్చి జీవుల వంశవృక్షం, అంటే ట్రీ, గీసే సాఫ్ట్‌వేర్) తెరిచి, అందులోని మజిల్ పద్ధతితో ఎలైన్ చేశాను, అంటే ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చాను. రంగుల గళ్లలో అన్నీ చక్కగా వరుస కట్టాయి. తీరా ప్రధాన విండోలోకి వచ్చి ట్రీ గీసే ఫైలోజెని బొత్తాం నొక్కితే, ఫైలు ఎక్కడుందో చూపించమంటోంది! ఎదురుగా ఉన్నది దానికి కనిపించదా? రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను. తెలుగులో ఏమైనా దొరుకుతుందేమోనని మెగా అని వెతికితే అన్నీ సినిమా కబుర్లే.

పాతవేరు:
కనిపించదు. మెగా అంటే ఒకే విండో అనుకుని మేమంతా మొదట్లో పప్పులో కాలు వేసినవాళ్లమే. అది నాలుగైదు గదుల ఇల్లు, ఏ గది తలుపులు ఆ గదివే. మీరు ఎలైన్ చేసిన చోటు ఎలైన్‌మెంట్ ఎక్స్‌ప్లోరర్. అది వంటిల్లు. అక్కడ ఎంత వండినా, వడ్డించేదాకా ప్రధాన విండోకి ఆ సంగతి తెలియదు.

వడ్డించడానికి రెండు దారులు. ఎలైన్‌మెంట్ విండోకే సొంతంగా డేటా మెనూ ఉంది, చూడండి (ప్రధాన విండోలోని డేటా బొత్తాం కాదు, రెంటికీ ఒకే పేరు పెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది). అందులో ఫైలోజెనెటిక్ ఎనాలిసిస్ నొక్కితే డేటా నేరుగా ప్రధాన విండోకి చేరుతుంది. లేదంటే అదే మెనూలో ఎక్స్‌పోర్ట్ ఎలైన్‌మెంట్‌కి వెళ్లి మెగా ఫార్మాట్‌లో దాచుకుని, ఆ ఫైలును ప్రధాన విండోలో తెరవండి. నేను రెండోదే చేస్తాను. ఆరు నెలల తర్వాత గైడు అడిగినప్పుడు చూపించడానికి ఫైలు ఉంటుంది.

డేటా చేరిందో లేదో తెలియాలంటే ప్రధాన విండోలో కింది భాగం చూడండి. టీఏ అని రాసిన చిన్న బొమ్మ వచ్చి ఉంటే చేరినట్టే. దాన్ని నొక్కితే సీక్వెన్స్ డేటా ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. ఆ విండో మూసేసినా కంగారు పడకండి, డేటా ఎక్కడికీ పోదు. పక్కనున్న క్లోజ్ డేటా నొక్కితేనే పోతుంది.

రెండోకోడాన్:
పాతవేరు గారు చెప్పినట్టు చేశాక ఇంకో గండం ఉంది, ముందే చెబుతాను. సీక్వెన్స్ డేటా ఎక్స్‌ప్లోరర్ మొదటిసారి తెరిచినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. మొదటి వరుసలో మాత్రమే ఏ, టీ, జీ, సీలు. కింద వరుసల నిండా చుక్కలు! సీక్వెన్సులన్నీ చెరిగిపోయాయనుకుని ఎలైన్‌మెంట్ మళ్లీ మొదటి నుంచి చేశాను, ఒకసారి కాదు, మూడుసార్లు. చుక్క అంటే ‘మొదటి వరుసలో ఉన్న అక్షరమే ఇక్కడా’ అని అర్థం, అంతే. డిస్‌ప్లే మెనూలో ఐడెంటికల్ సింబల్ అన్నదానికి టిక్కు తీసేస్తే అక్షరాలు వచ్చేస్తాయి. ఇప్పుడు నేనే టిక్కు తీయను. చుక్కల మధ్య మిగిలిన అక్షరాలే కదా మనకు కావలసిన తేడాలు.

ఆ విండో పైభాగంలో సీ (మారనివి), వీ (మారినవి), పీఐ (ట్రీకి పనికొచ్చేవి), ఎస్ (ఒక్కదానిలోనే మారినవి) అని బొత్తాలు కూడా ఉంటాయి. వీ నొక్కితే మారిన స్థానాలకు రంగు పడుతుంది, కింది పట్టీలో వాటి లెక్క వస్తుంది. థీసిస్‌లో మొదటి పట్టికకు ఆ లెక్కలు చాలు.

గోదారిగట్టు:
టీఏ వచ్చింది! ఇద్దరికీ ధన్యవాదాలు. కానీ మధ్యలో ‘ప్రోటీన్ కోడింగ్ డేటాయేనా’ అని అడిగితే అవునన్నాను. ఇప్పుడు ప్రోటీన్‌గా మార్చి చూస్తే మధ్యమధ్యలో నక్షత్రం గుర్తులు వస్తున్నాయి. సీక్వెన్సింగ్‌లో తప్పు జరిగిందంటారా?

పాతవేరు:
నక్షత్రం అంటే ప్రోటీన్ అక్కడ ఆగాలనే గుర్తు. జన్యు సంకేతాల పట్టిక స్టాండర్డ్‌లోనే ఉండిపోయి ఉంటుంది. వెన్నెముక ఉన్న జీవుల మైటోకాండ్రియాలో టీజీఏ అంటే ఆపు గుర్తు కాదు, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఎలైన్‌మెంట్ విండో డేటా మెనూలోనే జెనెటిక్ కోడ్ ఎంచుకునే చోటు ఉంది. వర్టిబ్రేట్ మైటోకాండ్రియల్ పెట్టండి. అప్పటికీ నక్షత్రాలు పోకపోతే మీ ముక్క కోడాన్ (మూడక్షరాల గుంపు) మధ్యలో మొదలై ఉంటుంది. అన్ని వరుసల్లోనూ ముందు నుంచి ఒకటో రెండో అక్షరాలు తీసి చూడండి. అదీ కుదరకపోతే అప్పుడు ల్యాబ్ వాళ్లతో మాట్లాడవచ్చు.

నల్లతెర:
ఇంత అవస్థ ఎందుకండీ? ఐక్యూ‌-ట్రీలో ఒక్క ఆజ్ఞ టైపు చేసి ట్రీ గీయించి, దాన్ని బొమ్మగా చూపే ఫిగ్‌ట్రీలో చూసుకుంటే పోదా?

రెండోకోడాన్:
నల్లతెర గారూ, 14 చేపలకు అంత అవసరం లేదు. పైగా కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లలకు బొత్తాలు చూసి నేర్చుకోవడమే సులువు.

ఆకురాలుకాలం:
ఆజ్ఞల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. ఒకరోజు ఏ విశ్లేషణ మొదలుపెట్టినా ట్రీ రాలేదు. సెట్టింగులన్నీ అడుగుతుంది, చివర్లో ఎంఏఓ అనే ఫైలు దాచుకోమంటుంది. సాయంత్రానికి అలాంటివి పదకొండు పోగయ్యాయి. చూస్తే ప్రధాన విండో కింద కుడిమూలన ఎనలైజ్ బదులు ప్రోటోటైప్ నొక్కి ఉంది. అది మెగా ఆజ్ఞల రూపం కోసం సెట్టింగులు మాత్రమే తయారుచేసే పద్ధతి. ఎప్పుడు నొక్కానో నాకే తెలియదు. ట్రీ రాకపోతే ముందు ఆ మూల చూడండి.

గోదారిగట్టు:
నక్షత్రాలు పోయాయి. ఎనాలిసిస్ ప్రిఫరెన్సెస్ (సెట్టింగుల విండో) దాకా వచ్చాను. దగ్గరివాటిని జత చేసుకుంటూ పోయే నైబర్ జాయినింగ్ పద్ధతి, కొమ్మలు ఎంత నమ్మదగినవో చూసే బూట్‌స్ట్రాప్ 1000 సార్లు. ట్రీ వచ్చింది. కానీ పులసలన్నీ ఒకే గీత మీద పేర్చినట్టు ఉన్నాయి. ఇలాగే రావాలా?

పాతవేరు:
ట్రీ ఎక్స్‌ప్లోరర్‌లో క్యాప్షన్ అని ఉంటుంది, నొక్కండి. ఏ పద్ధతి, ఏ మోడల్ (మార్పులను లెక్కగట్టే సూత్రం), ఎన్ని స్థానాలు అని ఇంగ్లీషులో ఒక పేరా రాసి ఇస్తుంది. అందులో చివర మొత్తం స్థానాలు ఎన్నని ఉందో చెప్పండి.

గోదారిగట్టు:
212 అని ఉంది. మావి 650కి దగ్గరగా ఉండాలి!

పాతవేరు:
అనుకున్నాను. జెన్‌బ్యాంక్ నుంచి తెచ్చినవాటిలో ఏదో ఒకటి పొట్టిది. ప్రిఫరెన్సెస్ విండోలో గ్యాప్స్ అనే వరుస కంప్లీట్ డిలీషన్ మీద ఉంటే, ఏ ఒక్క సీక్వెన్సులో ఖాళీ ఉన్నా ఆ స్థానం అందరికీ తీసేస్తుంది. ఒక్క పొట్టి సీక్వెన్సు కోసం మిగతా 13 నష్టపోయాయి. పెయిర్‌వైజ్ డిలీషన్ (పోల్చే జతలో ఖాళీ ఉంటే ఆ జతకే తీసేసేది) పెట్టవచ్చు, కానీ ఆ పొట్టిదాన్నే తీసేయమని నా సలహా. ఆ విండోలో పసుపు రంగు గళ్లు మాత్రమే మనం మార్చుకోగలిగేవి. చాలామంది పైన మోడల్ చూసి సరే నొక్కేస్తారు, కింది వరుసలు చదవరు.

రెండోకోడాన్:
ట్రీ విండోలో పైన రెండు ట్యాబులు ఉంటాయి, ఒరిజినల్, బూట్‌స్ట్రాప్ కన్సెన్సస్ అని. కొమ్మల పొడవు గురించి రాసేటట్టయితే ఒరిజినల్ వాడండి. కన్సెన్సస్‌లో ఎవరు ఎవరితో కలిశారన్నది మాత్రమే చూడాలి, పొడవుకు అర్థం లేదు. వేరు కూడా మీరే పెట్టాలి. బయటి జాతిగా (వేరు ఎక్కడో చూపే దూరపు బంధువుగా) ఏం తీసుకున్నారు?

గోదారిగట్టు:
నూనె కవళ్ళు. దాని కొమ్మ మీద నొక్కి, పక్కనున్న పరికరాల్లో రూట్ ఎంచుకుంటే ట్రీ తిరగబడి సరిగ్గా కూర్చుంది. పొట్టిది తీసేశాక స్థానాలు 630 దాటాయి. గోదావరివి, హుగ్లీవి అక్కడక్కడా విడుతున్నాయి. సముద్రంలో పట్టినవి మాత్రం నదిలో పట్టినవాటితో కలిసిపోయే ఉన్నాయి.

ఆకురాలుకాలం:
కలిసిపోక ఏం చేస్తాయి? సముద్రంలో ఉన్నంతకాలం వలస, ఎర్రనీరు ఎదురెక్కితే పులస. జాతి ఒకటే. ధర మాత్రం వేరు, దానికి మెగాలో బొత్తాం లేదు.

గోదారిగట్టు:
మా గైడు కూడా ఇంచుమించు ఇదే అన్నారు. ట్రీ సెషన్ దాచాను, ట్రీని అక్షరాల్లో రాసే న్యూయిక్ ఫైలు ఒకటి, పీడీఎఫ్ ఒకటి. రేపు ల్యాబ్‌లో జూనియర్లు ఇద్దరు ఇదే మొదలుపెడుతున్నారు. ముందు ఆ చుక్కలు చూపించి వాళ్ల ముఖాలు చూడాలని ఉంది.