పోలీసు ఫైలు చేతికొచ్చాక అది పరిశోధనేనా? ముసలి డిటెక్టివుల నవలల మీద పేచీ

చివరిపేజీ:
రిచర్డ్ ఆస్మన్ రాసిన ‘ద థర్స్‌డే మర్డర్ క్లబ్’ (2020) మీద నాకో పేచీ ఉంది. చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను, హంతకుడి జోలికి పోను. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతం. కూపర్స్ చేజ్ అని రిటైరైనవాళ్ళ కాలనీ, ఒకప్పుడు అది క్రైస్తవ సన్యాసినుల మఠం. ఎలిజబెత్, జాయిస్, ఇబ్రహీం, రాన్ అనే నలుగురు వృద్ధులు గురువారం గురువారం జిగ్‌సా గదిలో చేరి, తేలకుండా మూలపడ్డ హత్య కేసులు తిరగేస్తుంటారు. ఎవరూ తొంగిచూడకుండా ఆ గదిని ‘జపనీస్ ఒపేరా: ఒక చర్చ’ అన్న పేరుతో బుక్ చేసుకుంటారు. ఇంతలో ఆ కాలనీతో సంబంధమున్న బిల్డరు ఒకడు హత్యకు గురవుతాడు.

ఇక్కడిదాకా భేషుగ్గా ఉంది. మరి వీళ్ళకు సమాచారం ఎలా వస్తోంది? పాత ఫైళ్ళేమో పెన్నీ అనే మాజీ పోలీసు ఇన్‌స్పెక్టరు రూలుకు విరుద్ధంగా తన దగ్గర దాచుకున్నవి. కొత్త కేసు వివరాలు డొనా అనే కానిస్టేబుల్ చెబుతుంది. అవీ చాలకపోతే ఎలిజబెత్ తన గూఢచారి రోజుల పరిచయస్తులకు ఓ ఫోను కొడుతుంది. దీన్ని బుర్ర అనాలా, పలుకుబడి అనాలా? హంతకుణ్ణి పాఠకుడు పట్టుకోలేకపోయాడంటే తెలివి చాలక కాదు, ఫోను చేయడానికి అతనికి ఎవరూ లేక. ఈ రకం నవల న్యాయంగా ఆడినట్టేనా?

పాతఅలమర:
ఆ లెక్కన ఆగథా క్రిస్టీ కథల్లోని ముసలి డిటెక్టివు మిస్ మార్పుల్‌ను కూడా బోనెక్కించాలి. ఆవిడ మొదటిసారి కనిపించింది 1927 డిసెంబరులో, ఒక పత్రికలో వచ్చిన కథలో. అక్కడా వారానికోసారి కూడే బృందమే, కాకపోతే మంగళవారం. ఆ బృందంలో సర్ హెన్రీ క్లిదరింగ్ ఉన్నాడు, స్కాట్లండ్ యార్డు మాజీ కమిషనర్. తర్వాతి కథల్లో మార్పుల్‌కు పోలీసుల తలుపులు తెరిచేది ఆయనే. అన్నట్టు ఆ మంగళవారం బృందంలోనూ జాయిస్ అనే పేరు గల ఆవిడ ఒకరున్నారు.

ఇంకా వెనక్కి వెళ్తే అమెరికాలో ఆనా కాథరిన్ గ్రీన్ 1897లోనే అమీలియా బటర్‌వర్త్ అనే పెళ్ళికాని పెద్దావిడ చేత పరిశోధన చేయించింది. ఆవిడా ఒక పోలీసు డిటెక్టివుతో పోటీ పడుతూనే ముందుకు వెళ్తుంది. లైసెన్సు లేనివాడికి పోలీసు తోడు లేకపోతే శవపరీక్ష రిపోర్టు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? అది ఈ రకం కథకు ఇంటికి గుమ్మంలాంటిది. గుమ్మం ఉందని ఇంటిని తప్పుపట్టం కదా.

చివరిపేజీ:
గుమ్మం ఉండొచ్చండీ. ఇంట్లోని సామానంతా ఆ గుమ్మంలోంచే వస్తే?

రెండుగళ్ళకాగితం:
ఇద్దరూ తప్పు చోట తవ్వుతున్నారు. సమాచారం ఎవరిచ్చారన్నది ప్రశ్న కాదు, పాఠకుడికి ఎప్పుడిచ్చారన్నది ప్రశ్న. రోనల్డ్ నాక్స్ అనే కాథలిక్ ఫాదరీ 1929లో డిటెక్టివు కథలకు పది నియమాలు రాశాడు. ఎనిమిదోది: డిటెక్టివుకు దొరికిన ఆధారాన్ని అప్పటికప్పుడు పాఠకుడి ముందు పెట్టాలి. ఆరోది: డిటెక్టివుకు అదృష్టం సాయపడకూడదు, ఎందుకో తెలియని స్ఫురణ తగలకూడదు. తొమ్మిదోది: డిటెక్టివు పక్కనుండే తెలివితక్కువ స్నేహితుడు తన మనసులో మాట దాచకూడదు, వాడి తెలివి సగటు పాఠకుడి కంటే కాస్తంతే తక్కువుండాలి. నవలలో మధ్యమధ్య వచ్చే జాయిస్ డైరీ చేసే పని సరిగ్గా ఇదే.

ఏ నవలనైనా ఇలా పరీక్షించవచ్చు. ఒక కాగితం మీద రెండు గళ్ళు గీయండి. ముగింపులో డిటెక్టివు చెప్పే ప్రతి ‘కాబట్టి’ని ఎడమ గడిలో రాయండి. దానికి ఆధారం మొదటిసారి కనబడిన పేజీ నంబరు కుడి గడిలో వేయండి. కుడివైపు ఖాళీ మిగిలితే అక్కడ మోసం జరిగినట్టు. పేజీ నంబరు ఉంది గానీ అది ముగింపుకు ఇరవై పేజీల లోపే ఉందంటే, రచయితకు చివర్లో గుర్తొచ్చి అతికించాడని అర్థం.

ఆస్మన్ పుస్తకానికి ఈ లెక్క వేస్తే ఫలితం మిశ్రమం. డొనా చెప్పినవన్నీ మన ముందే చెబుతుంది, అక్కడ పేచీ లేదు. ఎలిజబెత్ ఫోన్లలో మాత్రం కొన్ని గళ్ళు ఖాళీ. అధ్యాయాలు చిన్నవి, వందకు పైనే ఉంటాయి. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరి వెంట నడుస్తుంది. ఎలిజబెత్‌కు ఏదో తట్టగానే అధ్యాయం తెగిపోతుంది, మనం జాయిస్ వంటింట్లో తేలతాం. పోలీసు స్నేహితుడి కంటే ఈ కత్తిరింపు పెద్ద దగా.

పాతఅలమర:
డైరీని మరీ అమాయకంగా చూడకండి. ఆధారం దాచడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎలాగంటే, నాలుగు వస్తువుల జాబితాలో అసలుదాన్ని రెండోదిగానో మూడోదిగానో పెట్టాలి, మొదటిదీ చివరిదీ పాఠకుడి కంట్లో పడతాయి. ఆ వెంటనే ఒక నవ్వు పుట్టించే మాట రావాలి. నవ్వినవాడు వెనక్కి వెళ్ళి జాబితా చూసుకోడు. జాయిస్ కేకుల గురించీ కూతురి గురించీ అటూ ఇటూ పోయి మాట్లాడుతుంటే మనం ముద్దుగా చదువుకుంటాం. మనకు కన్నం పడేది అక్కడే.

నూటొక్కకూర:
మార్పుల్ మొదటి కథ గురించి ఒక మాట. కథ గుట్టు విప్పుతున్నాను, చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా దాటేయండి. సిరా అద్దిన కాగితం మీద ‘వందలు, వేలు’ అని అర్థమిచ్చే మాటలు కనిపిస్తాయి. బృందంలోని మగవాళ్ళు డబ్బు అనుకుంటారు. మార్పుల్‌కు మాత్రం అవి ట్రైఫిల్ అనే తీపివంటకం మీద చల్లే రంగురంగుల పంచదార పలుకులని తెలుసు, వాటికి ఇంగ్లండ్‌లో ఉన్న పేరే అది. విషం ఆ పలుకుల్లో ఉంది.

1927 నాటి ఇంగ్లీషు ఇల్లాలికి ఇది నూటికి నూరుపాళ్ళు న్యాయమైన ఆధారం. గుంటూరులో కూర్చుని చదివే మనకు? రెండుగళ్ళకాగితం గారి కుడి గడిలో పేజీ నంబరు ఉంటుంది, అయినా మనం పట్టుకోలేం. కాబట్టి న్యాయం పేజీలో కాదు, పాఠకుడి వంటింట్లో ఉంది. ముసలి డిటెక్టివు అసలు బలం పోలీసు పరిచయం కాదు, ఇలాంటి ఇంటి తెలివి. తెలుగులో రాసేవాళ్ళు దాన్ని పట్టుకోవాలి.

ఉదాహరణకు ఆవకాయ. “నిన్న రోజంతా మా ఇంట్లో ఆవకాయ కలుపుతూనే ఉన్నాం, ఎక్కడికీ కదల్లేదు” అని ఒకడు సాక్ష్యం చెబుతాడు. పక్కింటి బామ్మగారు జాడీ మూత తీసి చూస్తుంది, నూనె పైకి తేలి ఉంది. ఆవకాయ ఊరి నూనె తేలేది మూడో రోజుకి, అప్పుడే తిరగకలుపుతారు. అంటే నిన్న కలిపింది కాదు. ఈ ఆధారం తెలుగు పాఠకుడి ముందు మొదటి అధ్యాయంలోనే పెట్టొచ్చు, సగంమంది దాటిపోతారు.

జాడీమూత:
ఆలోచన బాగుంది గానీ నూనె మీద ఆధారపడకండి. కొందరు మొదటి రోజే నూనె అంతా దిట్టంగా పోసేస్తారు, అప్పుడు రెండో రోజుకే తేలుతుంది. కొందరు మొదట తక్కువ పోసి, మూడో రోజు తిరగకలిపేటప్పుడు మిగతాది పోస్తారు. మీ నేరస్థుడి లాయరు అక్కడే తప్పించుకుంటాడు. ముక్కను పట్టుకోండి. తొలిరోజు ముక్క లోపల తెల్లగా, కరకరలాడుతూ ఉంటుంది, కారం పైపైనే అంటుకుని ఉంటుంది. ఉప్పు పట్టి ఊట దిగాక ముక్క రంగు మారుతుంది. బామ్మగారు మూత తీసి చూడడం కాదు, ఒక ముక్క కొరకాలి. దృశ్యంగా కూడా అదే బాగుంటుంది.

ఇంకోటి, కథాకాలం మామిడికాయలొచ్చే వేసవి అయి తీరాలి. కార్తీకంలో ఆవకాయ కలుపుతున్నామంటే హత్యదాకా అక్కర్లేదు, పాఠకుడు అక్కడే వాణ్ణి పట్టేసుకుంటాడు.

మాత్రలడబ్బా:
విషాల సంగతి కూడా ఇంటి తెలివితోనే నడపొచ్చు. వృద్ధులకు గుండె జబ్బులో ఇచ్చే డిగాక్సిన్‌లో పనిచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. వయసుతో మూత్రపిండాలు నెమ్మదిస్తాయి కాబట్టి మామూలు మోతాదే పేరుకుపోయి వాంతులు, కళ్ళకు పచ్చగా కనబడటం, గుండె లయ తప్పడం జరుగుతాయి. అందుకే ముసలివాళ్ళ చావు అనుమానం లేకుండా ‘సహజ మరణం’గా రాసేసే ప్రమాదం ఉంది. ఎనభై ఏళ్ళవాళ్ళు ఒకరి మాత్రల డబ్బా ఒకరు ఎరిగి ఉంటారు, ఇరవై ఏళ్ళ కానిస్టేబుల్‌కు ఆ సంగతి పట్టదు.

మన ఊళ్ళకు పనికొచ్చే మెలిక ఒకటి. గన్నేరులో ఉండే విషపదార్థాలు డిగాక్సిన్‌కు చుట్టాల్లాంటివి. ఆసుపత్రిలో రక్తంలో డిగాక్సిన్ కొలిచే మామూలు పరీక్ష గన్నేరుకూ కొంతవరకు స్పందిస్తుంది. రిపోర్టులో డిగాక్సిన్ ఉన్నట్టు వస్తుంది, పోలీసులు ఇంట్లో ఆ మాత్రలు వాడే తాతగారి మీద పడతారు. ఆయన మాత్రలు లెక్కపెడితే ఒక్కటీ తగ్గదు. పెరట్లో పచ్చ గన్నేరు ఉందని మీరు ముందే, పూజకు పూలు కోసే వాక్యంలో, చెప్పి ఉండాలి. చెప్పకపోతే చివరిపేజీ గారు ఊరుకోరు.

చివరిపేజీ:
ఊరుకోను. అయితే ఈ రిపోర్టు మీ తాతగారి స్నేహితుల చేతికి ఎలా వచ్చింది? మళ్ళీ పోలీసు స్నేహితుడేనా?

శవపంచనామా:
దీనికి మన చట్టంలోనే దారి ఉంది, ఇంగ్లీషు నవలల్ని చూసి కానిస్టేబుల్ స్నేహితురాలిని అరువు తెచ్చుకోనక్కర్లేదు.

అనుమానాస్పద మృతిలో పోలీసులు శవపంచనామా చేయాలి. ఇదివరకు నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 174, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 194. అది చుట్టుపక్కల ఉండే ఇద్దరు, అంతకు మించి పరువుగల మనుషుల సమక్షంలో జరగాలని సెక్షన్ చెబుతుంది. గాయాలు ఎలా ఉన్నాయి, ఏ ఆయుధంతో అయినట్టు కనిపిస్తోంది అన్నది అందులో రాస్తారు. వీధిలో రిటైరైన హెడ్మాస్టరు, పాత పోస్టుమాస్టరు ఉంటే ఎస్సై మొదట పిలిచేది వాళ్ళనే. అంటే మీ ముసలి డిటెక్టివు శవాన్ని చట్టప్రకారమే దగ్గర్నుంచి చూశాడు, ఆ కాగితం మీద సంతకమూ పెట్టాడు. ఎవరి దయా అక్కర్లేదు.

రెండోది, ఎఫ్ఐఆర్. 2016లో సుప్రీంకోర్టు ఆదేశించిన దగ్గర్నుంచి నమోదైన 24 గంటల్లో, నెట్ ఇబ్బందులుంటే 72 గంటల్లోపు, పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు. మనవరాలు ఫోన్లో తీసి తాత చేతిలో పెడుతుంది.

మూడోది రచయితలకు వరం. బీఎన్‌ఎస్‌ఎస్ 179 ప్రకారం అరవై దాటిన మగవాళ్ళనూ, ఏ వయసు ఆడవాళ్ళనూ సాక్షులుగా విచారించాలంటే స్టేషనుకు రమ్మని ఒత్తిడి చేయకూడదు, వాళ్ళుండే చోటికే వెళ్ళాలి. ఎస్సై బామ్మగారి వసారాలో కూర్చుని కాఫీ తాగుతూ ప్రశ్నలు అడుగుతాడు. ఎస్సై అడిగే ప్రశ్నలను బట్టే కేసు ఎటు పోతోందో ఆవిడ కూపీ లాగుతుంది.

దొరకనిది కేసు డైరీ, అంటే పోలీసులు దర్యాప్తు ఎలా సాగిందో రోజూ రాసుకునేది. సెక్షన్ 192 ప్రకారం నిందితుడికే దాన్ని అడిగి చూసే హక్కు లేదు, పక్కింటి తాతకు అసలే లేదు. మీ కథలో ఎవరైనా కేసు డైరీ తెచ్చి టీపాయ్ మీద పెడితే అది మాత్రం నిజంగానే దగా.

పాతఅలమర:
ఇది చదివాక అనిపిస్తోంది, మన అపరాధ పరిశోధక నవలల్లో ముసలివాళ్ళు ఎందుకు రాలేదో. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ వృత్తి డిటెక్టివు, పక్కన అసిస్టెంటు రాజు. అక్కడ కేసు తనంతట తాను గుమ్మంలోకి వస్తుంది. వసారాలో కూర్చున్న మనిషికి అది ఎలా చేరాలన్న ఇబ్బందే రాలేదు.

చివరిపేజీ:
పంచనామా సంగతి ఒప్పుకుంటున్నాను. అది పలుకుబడి కాదు. ఆస్మన్ విషయంలో మాత్రం పేచీ అలాగే ఉంది. ఆ పుస్తకం చివర కొన్ని ముడులు ఆధారాలతో విడవవు, మనుషులు నోరు విప్పి ఒప్పుకోవడంతో విడతాయి. ఒప్పుకోలు వచ్చిందంటే డిటెక్టివు పని అయిపోయినట్టు కాదు, ఎగ్గొట్టినట్టు.

నూటొక్కకూర:
అక్కడే నాకు ఆ పుస్తకం నచ్చింది. ఎలిజబెత్ డైరీలో రెండు వారాల తర్వాతి తేదీ దగ్గర తనకు తానే ఒక ప్రశ్న రాసుకుంటుంది, ఆ రోజు వచ్చాక జవాబు గుర్తుందో లేదో చూసుకుంటుంది. మతిమరుపు మొదలైందేమోనని ఆవిడ భయం. భర్తకు అప్పటికే ఆ జబ్బు ఉంది. అలాంటి ఇంట్లో ఒక మనిషి చేసిన ఒప్పుకోలు రేపటికి ఎవరికి గుర్తుంటుంది అన్నది కూడా కథే. నాక్స్ పది నియమాల్లో దానికి చోటు లేదు.

రెండుగళ్ళకాగితం:
చోటు లేకపోవడమే నియమాల పని. ఆ భాగం మంచి నవల, మంచి పజిల్ కాదు.

తెలుగులో ప్రయత్నించేవాళ్ళకు ఇంకో ఇంటి ఆధారం ఇస్తాను. “రాత్రి తొమ్మిదింటికి వెన్నెల్లో అతని మొహం స్పష్టంగా చూశాను” అని సాక్షి. తాతగారు పంచాంగం తీస్తారు, ఆ రోజు బహుళ అష్టమి. పున్నమి నాటి చంద్రుడు పొద్దుగూకే వేళకు వస్తాడు, తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యం. అష్టమికి అర్ధరాత్రి అవుతుంది. తొమ్మిదింటికి వెన్నెల లేదు. నాలుగో అధ్యాయంలో ఎవరో పెళ్ళి ముహూర్తం మాట్లాడుతూ తిథి చెబితే చాలు, కుడి గడి నిండిపోతుంది.

జాడీమూత:
క్యాలెండర్లో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. రాత్రికి అది మారిపోయి ఉండొచ్చు, తాతగారు తిథి ముగిసే సమయం కూడా చూడాలి. పంచాంగం ఏ ఊరికి గణించిందో కూడా రాయండి. హైదరాబాదు లెక్కకూ విశాఖ లెక్కకూ చంద్రోదయంలో సుమారు ఇరవై నిమిషాల తేడా వస్తుంది.