ఈడేల్ నుంచి కాసిల్టన్ దాకా ఒక్కదాన్నే నడవొచ్చా?

షెఫీల్డ్, కొత్తగా వచ్చినమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది తెనాలి. సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ వచ్చాను. అక్టోబర్ ఆఖరి శనివారం రైల్లో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఉన్న ఈడేల్ వెళ్ళి, కొండ దాటి అవతలి ఊరు కాసిల్టన్‌లో దిగుదామని ఉంది. రూమ్మేట్లు ఎవరూ రామన్నారు. మ్యాప్‌లో చూస్తే దారి ఎవరివో పొలాల్లోంచి పోతోంది. ఎవరినైనా అడగాలా? ఒక్కదాన్నే వెళ్తే పర్వాలేదా?

మాంచెస్టర్, పెద్దాయన:
ఎవరినీ అడగక్కర్లేదమ్మా. ‘పబ్లిక్ ఫుట్‌పాత్’ అని బోర్డుంటే చాలు. పసుపు బాణం నడిచేవాళ్ళది. నీలం బాణమైతే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వస్తాయి. పొలం రైతుదే, దారి మాత్రం జనానిది. మనూళ్ళో కొత్తమనిషి గట్టు మీద కనపడితే ‘ఎవరి తాలూకు?’ అంటారు. ఇక్కడ ‘మార్నింగ్’ అనేసి వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు.

ఈడేల్ వెనకాల కనిపించే పెద్ద గుట్టే కిండర్ స్కౌట్. పక్షుల వేట కోసం దాన్ని జనానికి మూసేస్తే, 1932 ఏప్రిల్ 24న హేఫీల్డ్ వైపు నుంచి వందలమంది కావాలనే ఎక్కారు. కాపలావాళ్ళతో తోపులాట అయింది, ఐదుగురు జైలుకెళ్ళారు. ఆ తర్వాత 1951లో దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది ఈ పీక్ డిస్ట్రిక్టే. వెళ్ళేముందు ఇది తెలుసుకుని వెళ్ళు.

లీడ్స్, పదకొండేళ్ళుగా:
చెల్లీ, దారి సంగతి అందరూ చెప్తారు, నేను బూట్ల సంగతి చెప్తాను. నేనొచ్చిన కొత్తలో ఇలాగే వారం వారం కొండలెక్కేవాణ్ణి. ఇక్కడి బురద మన రేగడికి తమ్ముడు, వదలదు. మా ఇంట్లో గుమ్మం నుంచి మేడమెట్ల దాకా మీగడ రంగు కార్పెట్. గుమ్మంలో మీగడ రంగు ఎవరు వేయించారో కానీ, ఒక చలికాలానికే గోధుమరంగుకి తిరిగింది. ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనరు టార్చిలైటుతో వచ్చాడు. బూటు అచ్చు ఒక్కోదాన్నీ ఫోటో తీసి, డిపాజిట్‌లోంచి 380 పౌండ్లు కోస్తానన్నాడు. నేను ముందు ‘సరే సార్’ అన్నాను. కొత్తలో అన్నిటికీ అదే కదా మన మాట!

ఆఫీసులో ఒకావిడ చెబితే, ఓనర్లు డిపాజిట్ దాచాల్సిన డిపాజిట్ స్కీమ్ అని ఉంటుంది, అందులో డిస్ప్యూట్ వేశాను. వాళ్ళు అడిగింది ఒకటే: కార్పెట్ వయసెంత? తొమ్మిదేళ్ళు. అంత పాతదానికి కొత్తదాని డబ్బు అడగడమేంటని 60 పౌండ్లకి తేల్చారు. నువ్వు డిపాజిట్ ఇచ్చిన 30 రోజుల్లో ఓనరు దాన్ని స్కీమ్‌లో పెట్టాలి, కాగితం నీకివ్వాలి. ఐదు వారాల అద్దె మించి అడగకూడదు. నీ కాగితం వచ్చిందా? ఇవాళే చూసుకో. ఇల్లంతా ఫోటోలు తీసి పెట్టుకో. బూట్లు గుమ్మం బయటే విప్పి ప్లాస్టిక్ కవర్లో వెయ్యి.

డెర్బీ, పాతకాపు:
కార్పెట్ పోతే డబ్బులొస్తాయి. ఆవుల సంగతి ఎవరూ చెప్పరేం? దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్ళకు, చుట్టూ తిరిగి వెళ్ళు. ఇక ఆంబోతంటావా, దారి ఉన్న పొలంలో దాన్ని వదలడం ఇక్కడ నేరం. కనపడితే కౌన్సిల్‌కి ఫోన్ చెయ్యి.

మాంచెస్టర్, పెద్దాయన:
డెర్బీ గారూ, సగం చెప్పి భయపెట్టకండి. పాడి జాతి ఆంబోతు పది నెలలు దాటితేనే నిషేధం. మాంసం జాతిదైతే, ఆవులో పెయ్యలో దానితో ఉంటే వదలొచ్చు.

డెర్బీ, పాతకాపు:
నేను ఇరవైరెండేళ్ళుగా ఈ పొలాల్లో నడుస్తున్నానండీ. పాడిదో మాంసానిదో దగ్గరికెళ్ళి అడుగుతుందా ఆ పిల్ల?

మాంచెస్టర్, పెద్దాయన:
అడగక్కర్లేదు, రంగు చూస్తే తెలుస్తుంది. నలుపూ తెలుపూ మచ్చలుంటే పాడిది. ఎర్ర ఒళ్ళు, తెల్ల మొహం అయితే హెరిఫర్డ్, మాంసానిది.

డెర్బీ, పాతకాపు:
జెర్సీ కూడా ఎరుపేగా? అది పాడిదేగా?

బర్మింగ్‌హామ్, అక్క:
ఇద్దరూ కాస్త ఆగుతారా? అమ్మాయ్, ఒక్కదానివే వెళ్ళొచ్చు. నేను నీ వయసులో వెళ్ళాను, శనివారం ఆ దారిలో జనం ఉంటారు. ఈడేల్ నుంచి హాలిన్స్ క్రాస్ అనే కనుమ ఎక్కి అవతలికి దిగితే కాసిల్టన్, మొత్తం మూడు మైళ్ళు. పైన కుడికి తిరిగితే మామ్ టోర్ కొండ, 517 మీటర్లు. ఓపికుంటే అదీ చూసిరా. జారుడెక్కువ, జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. ఫోన్ సిగ్నల్ నమ్ముకోకు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో, ఏ రైలుకి తిరిగొస్తావో రూమ్మేట్‌కి చెప్పు. ఏమైనా అయితే 999 కొట్టి పోలీసు అడిగి, మౌంటెన్ రెస్క్యూ అను. వాళ్ళు డబ్బు తీసుకోరు. ఈ శనివారం ఆరింటికి చీకటి పడుతుంది. మర్నాడు గడియారాలు వెనక్కి తిప్పుతారు, ఇక ఐదింటికే చీకటి. పులిహోర పట్టుకెళ్ళు.

షెఫీల్డ్, కొత్తగా వచ్చినమ్మాయి (ఆదివారం):
వెళ్ళొచ్చానండీ! ఎక్కేటప్పుడు గాలికి చున్నీ నిలవలేదు, బ్యాగులో కుక్కేశాను. మామ్ టోర్ కింద 1979లో మూసేసిన రోడ్డు చూశాను. కొండ జారి తారు విరిగిపోయింది. విరిగిన చోట పొర మీద పొర, వేసిన ప్రతి రిపేరూ కనిపిస్తోంది, మా తాతమ్మ చేసే మడత కాజాలా. పులిహోర దాని మీద కూర్చునే తిన్నాను. కాసిల్టన్ నుంచి వాగు పక్కన నడిచి హోప్ స్టేషన్‌లో రైలెక్కాను. బూట్లు కవర్లోనే ఉన్నాయన్నయ్యా. డిపాజిట్ కాగితం ఇంకా రాలేదు, అడిగాను. ఆవులు మాత్రం గేటుకి అడ్డంగా నిలబడ్డాయి. పావుగంట ఆగితే వాటంతటవే కదిలాయి. వాటిల్లో ఒకటి బాగా పెద్దది.

డెర్బీ, పాతకాపు:
ఆ పెద్దదాని రంగేంటమ్మా?