టేక్ దట్‌లో ఇప్పుడు ముగ్గురే కదా, టికెట్ కొనొచ్చా?

లీడ్స్_అల్లుడు
అందరికీ నమస్తే. మా ఆవిడకి బ్రిటన్ పాప్ బృందం టేక్ దట్ అంటే ప్రాణం. విశాఖలో కాలేజీ రోజుల్లో కేసెట్ అరిగిపోయేదాకా విన్నదట. ఈసారి స్టేడియం షోకి తీసుకెళ్దామని ఉంది. ఐదుగురిలో రాబీ, జేసన్ వెళ్ళిపోయి గ్యారీ, మార్క్, హోవర్డ్ మాత్రమే మిగిలారు. చూసినవాళ్ళు చెప్పండి, లోటు తెలుస్తుందా? నిలబడే టికెట్ తీసుకోవాలా, కుర్చీలా? తనకి మోకాళ్ళ నొప్పి.

సాయంత్రం_రేడియో
1996 ఫిబ్రవరి 13. మేం అప్పటికే మాంచెస్టర్‌లో ఉన్నాం, నాకు పదమూడేళ్ళు. టేక్ దట్ వాళ్ళు విడిపోతున్నామని ప్రెస్ మీట్‌లో చెప్పగానే మా వీధిలో నా స్నేహితురాళ్ళంతా ఏడుపు. ఇంట్లో నన్ను చూసి మా నాన్న ఊళ్ళో ఎవరైనా పోయారేమో అని హడలిపోయారు. అభిమానుల కోసం ఫోన్ హెల్ప్‌లైన్లు పెట్టారంటే ఆలోచించండి. అది రాబీ పుట్టినరోజు కూడా. నా మటుకు నాకు రాబీ లేకపోతే అది టేక్ దట్ కాదు.

గోదారి_గట్టు
అక్కా, రాబీ 1995 జులైలోనే వదిలేసి పోయాడు. మీరు ఏడ్చిన రోజుకి ఉన్నది నలుగురే. ఆ నలుగురే 2006లో తిరిగొచ్చి ‘పేషెన్స్’ పాటని నంబర్ వన్ చేశారు.

సాయంత్రం_రేడియో
వదిలేసి పోలేదు, పంపించేశారు! టూర్ అయ్యేదాకా ఉంటానన్నాడు, ఇప్పుడే వెళ్ళమన్నారు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ఒయాసిస్ బ్యాండ్ వాళ్ళతో కనిపించడమే నేరమా?

గోదారి_గట్టు
రిహార్సల్స్ టైంలో తాగి తిరిగితే మిగతావాళ్ళు ఏం చెయ్యాలి?

కీబోర్డ్_శర్మ
22 ఏళ్ళుగా ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను కాబట్టి చెప్తున్నా. గొడవంతా పాటల దగ్గర ఉంది. మొదటి విడతలో ‘ప్రే’, ‘బ్యాక్ ఫర్ గుడ్’ లాంటి పెద్ద పాటలు గ్యారీ రాసినవే. మిగతావాళ్ళు డాన్సుకీ కోరస్‌కీ. తిరిగొచ్చాక ‘బ్యూటిఫుల్ వరల్డ్’ ఆల్బమ్‌లో నలుగురి పేర్లూ రచయితలుగా వేసుకున్నారు. మార్క్ గొంతుతో ‘షైన్’ వచ్చింది, దానికి బ్రిటన్ సంగీత పురస్కారం బ్రిట్ అవార్డు కూడా. రెండో ఇన్నింగ్స్ నిలబడింది అందుకే.

వెన్నెల_తబలా
పేరు పంచుకోవడం మంచిదని వాయించేవాళ్ళు చెప్తారు, ట్యూన్ కట్టేవాళ్ళని అడగండి. మా ట్రూప్‌లో నేను రాత్రంతా కూర్చుని కట్టిన ట్యూన్ కింద ఆరుగురి పేర్లు వేశారు. అందులో ఇద్దరు రికార్డింగ్‌కే రాలేదు.

కీబోర్డ్_శర్మ
మీ ట్రూప్‌కీ దీనికీ పోలికేంటమ్మా? పదేళ్ళ పాటు హోవర్డ్, జేసన్‌లకి పాటల మీద రాబడి లేకపోతే మళ్ళీ ఎందుకు వస్తారు? స్టేజి మీద జనం చూసేది వాళ్ళ డాన్సే.

వెన్నెల_తబలా
పోలిక ఉంది. కష్టం ఒకరిది, పేరు అందరిదీ. ‘అమ్మా’ అని సర్దిచెప్పకండి, నేనూ పదిహేనేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను.

చెరువుగట్టు_చందు
శర్మగారూ, ఆవిడ చెప్పేదీ వినండి. అన్నట్టు 2010లో రాబీ తిరిగొచ్చి ‘ప్రోగ్రెస్’ ఆల్బమ్ చేశాడు కదా. 2011లో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఎనిమిది రాత్రులు. ఒక రాత్రి నేనున్నా. ముందు నలుగురు, తర్వాత రాబీ ఒక్కడే, ఆ తర్వాత ఐదుగురూ కలిసి. పక్కన నిలబడ్డ నలభై ఏళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది, నేనెవరో కూడా తెలీదు. 2014లో జేసన్ మానేశాక అది ఇక చూడలేం.

సాయంత్రం_రేడియో
చందూ, అదృష్టవంతుడివి. నాకు ఆ ఏడు టికెట్ దొరకలేదు.

నీలిగోరింట
రాబీ, రాబీ అంటున్నారు. నేను గ్యారీ గురించి ఒకటి చెప్తాను. 2012 ఆగస్టు 4న వాళ్ళ పాప ప్రాణం లేకుండా పుట్టింది. 12న లండన్ ఒలింపిక్స్ ముగింపులో స్టేజి ఎక్కి ‘రూల్ ద వరల్డ్’ పాడాడు. మాకూ అలాంటి ఆగస్టు ఒకటి ఉంది. నేను మూడు నెలలు గడప దాటలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. పాట ఎవరు రాశారో నాకు అక్కర్లేదు.

వెన్నెల_తబలా
నీలి గారూ, నాకు ఇది తెలీదు. క్షమించండి.

లీడ్స్_అల్లుడు
నీలి గారి మాట మా ఆవిడకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్దామనే అనుకున్నాం. కుర్చీల సంగతి ఎవరైనా చెప్తారా?

చెరువుగట్టు_చందు
అన్నా, కుర్చీలే తీసుకో. కింద నిలబడితే మూడు గంటలు కదలడానికి ఉండదు, పొట్టివాళ్ళకి ముందున్నవాళ్ళ తలకాయలే కనిపిస్తాయి. స్టేజికి మరీ పక్కగా ఉన్న బ్లాకులు వద్దు, సగం స్క్రీన్ కనిపించదు. మెట్లు తక్కువ ఎక్కే కింది వరసలు చూసుకో. వదినకి మోకాలి పట్టీ మర్చిపోకు. చివర్లో ‘నెవర్ ఫర్‌గెట్’ మొదలవగానే స్టేడియమంతా లేచి చేతులు పైకెత్తుతుంది, ఆవిడా కూర్చోలేదు.

గోదారి_గట్టు
ఆ పాటలో లీడ్ గొంతు హోవర్డ్‌ది. డాన్సుకీ కోరస్‌కీ అన్న శర్మగారు ఇది కాస్త చూడాలి.