లోగో పోటీ: ఒక్కరికి ఒక్క ఓటా, ర్యాంకులా?

కమిటీ సభ్యుడు:
మన కాలనీ గ్రంథాలయం లోగోకి 9 డిజైన్లు వచ్చాయి. ఆదివారం వాట్సాప్ గ్రూపులో పోల్ పెడదాం. ఒక్కరికి ఒక్క ఓటు, ఎక్కువ వచ్చినదే లోగో. అభ్యంతరాలుంటే చెప్పండి.

పాత సభ్యురాలు:
నాకు అభ్యంతరం ఉందండీ. 2, 5, 8 నంబర్లు ఒకసారి చూడండి. మూడింట్లోనూ తెరిచిన పుస్తకం, దాని మీద మర్రిచెట్టు. రంగులే తేడా. చెట్టు నచ్చినవాళ్ల ఓట్లు మూడు ముక్కలైపోయి, ఎక్కువమందికి నచ్చనిది గెలిచి కూర్చుంటుంది.

2015లో న్యూజిలాండ్‌లో కొత్త జెండా ఎంపికకి రెఫరెండం పెట్టారు. బరిలో ఉన్న ఐదింటిలో రెండు కైల్ లాక్‌వుడ్ గీసినవే. అదే ఫెర్న్ ఆకు, అవే నక్షత్రాలు, రంగులు వేరు. ఓటర్లు 1, 2, 3 అని వరస ఇచ్చారు. మొదటి లెక్కలో ఎరుపు-నీలం జెండాకి 41.64 శాతం, నలుపు-నీలం జెండాకి 40.15. ఏదీ సగం దాటలేదు కాబట్టి అట్టడుగున ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేసి, వాటి ఓట్లను ఆ ఓటర్ల తర్వాతి ఎంపికకి కలిపారు. చివరికి నలుపు-నీలం 50.58 శాతంతో నెగ్గింది. మొదటి లెక్కతోనే ఆపేసి ఉంటే ఎరుపుదే గెలుపు.

మరో సభ్యుడు:
ర్యాంకులంటే పెద్దవాళ్లు కంగారు పడతారండీ. రూపాయి గుర్తుకి జనం ఓటే లేదు కదా! మూడు వేలకు పైగా వచ్చినవాటిలోంచి జ్యూరీ ఐదు ఏరింది, 2010 జూలైలో కేబినెట్ ఒకటి ఖాయం చేసింది. మనమూ తెలిసినవాళ్లు ముగ్గురికి అప్పగిస్తే సరి.

పాత సభ్యురాలు:
వడపోతకి జ్యూరీ ఉండాల్సిందే. పుస్తకాల మొదటి పేజీ మీద కొట్టే రబ్బరు స్టాంపు సైజులో 8వ నంబర్ ప్రింటు తీసి చూశాను. కొమ్మలన్నీ కలిసిపోయి సిరా మరకలా ఉంది. అలాంటివి వాళ్లే పక్కన పెట్టాలి. చివరి మాట మాత్రం సభ్యులది. వాళ్ల చందాలతో, వాళ్లు ఇళ్లలోంచి తెచ్చిచ్చిన పుస్తకాలతోనే ఇది నడుస్తోంది. పెద్దవాళ్లకి బొమ్మలు కాయితం మీద అచ్చేసి ఇద్దాం, పక్క గడిలో అంకె వేస్తారు, అంతే.

ఇంకోటి. గ్రూపు పోల్‌లో ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది. పక్కింటి అబ్బాయి గీసినదానికి వేయకపోతే మొహమాటం. గీసినవాళ్ల పేర్లు, ఓట్లు రెండూ ఫలితం వచ్చేదాకా బయటపెట్టకూడదు. పోటీ ప్రకటించిన నాటికి సభ్యులైనవాళ్లకే ఓటు. లేకపోతే చుట్టాలందరూ రాత్రికి రాత్రే సభ్యులైపోతారు.

కమిటీ సభ్యుడు:
సరే, ఆదివారం పోల్ ఆపుతున్నాను. మరి పోటీలో ఉన్నవాళ్లకి ఓటు ఉండాలా?

పాత సభ్యురాలు:
ఉండాలి, వాళ్లూ సభ్యులే. లెక్కపెట్టే బల్ల దగ్గర మాత్రం కూర్చోకూడదు.