ఓనర్ తన జేబులోంచి పెడితే లీగ్‌కి నొప్పేంటి?

టాఫీ రవి:
మొన్న ఒక ఫ్రెండ్‌తో వాదించి ఓడిపోయాను, అందుకే ఇక్కడ అడుగుతున్నా. 2023 నవంబర్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడే మా ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్‌కి 10 పాయింట్లు కోశారు. మూడేళ్ళకి కలిపి 105 మిలియన్ పౌండ్ల నష్టం దాటకూడదట, మావాళ్ళది 124.5 తేలింది. అప్పీల్‌కి వెళ్తే కోత 6కి తగ్గింది. ఏప్రిల్‌లో మళ్ళీ ఇంకో 2 పోయాయి. ఆ సీజనంతా పాయింట్ల టేబుల్ పెన్సిల్‌తో రాసుకున్నాను, పక్కనే రబ్బరు పెట్టుకుని. డబ్బు ఓనర్‌ది, పోతే ఓనర్‌కే పోతుంది. మధ్యలో లీగ్‌కేంటి? 2003లో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ చెల్సీ క్లబ్‌ని కొని కుమ్మరించినప్పుడు ఎవరూ అడగలేదే!

జమాఖర్చు:
రవి గారూ, నేను ఆడిట్‌లో ఉన్నాను కాబట్టి ఒక ముక్క. ఓనర్ డబ్బు పెట్టకూడదని అప్పటి ఆ రూల్ అనలేదు. క్లబ్ సొంతంగా 15 మిలియన్ల దాకా నష్టపోవచ్చనేవారు. మిగతా 90 ఓనర్ వాటా పెట్టుబడిగా పూడిస్తేనే ఒప్పుకునేవారు, అప్పుగా ఇస్తే కుదిరేది కాదు. అంటే మీ 105లో ఓనర్ జేబుకి ముందే చోటు ఉంది. ఆ చోటూ దాటారు, అంతే.

అసలు తమాషా ఆటగాళ్ళ లెక్కలో ఉంది. 100 మిలియన్లకి కొని అయిదేళ్ళ కాంట్రాక్ట్ ఇస్తే ఏడాదికి 20 ఖర్చు రాస్తారు. చెల్సీ 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌కి ఎనిమిదిన్నరేళ్ళు ఇచ్చింది, ఏడాది ఖర్చు పన్నెండు చిల్లరకి దిగింది. ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్‌ఏ, తర్వాత ప్రీమియర్ లీగ్ ఆ ఖర్చుని అయిదేళ్ళకి మించి పంచకూడదన్నాయి. అప్పటికే పంచేసినవాళ్ళ జోలికి వెళ్ళలేదు.

ఇంకోటి, ఇది నాకు కడుపు మంట. అకాడమీలో పెరిగిన కుర్రాడి విలువ పుస్తకాల్లో సున్నా. 40కి అమ్మితే 40కి 40 లాభమే. చిన్నప్పటి నుంచి ఆ చొక్కా వేసుకున్నవాడినే ముందు అమ్మమని రూలే చెప్తున్నట్టుంది.

నీలి చంద్రుడు:
మాంచెస్టర్ సిటీ అభిమానిని, రాళ్ళు వేయండి పర్లేదు. 😄 ఎప్పట్నుంచో ఆదాయం ఉన్న క్లబ్బులు లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాయి, నా మాట అదే. న్యూకాజిల్‌ని 2021లో సౌదీ ఫండ్ 305 మిలియన్లకి కొన్నవాళ్ళలో ఉంది. ఫండ్ దగ్గర డబ్బుకి కొదవా? అయినా ఆచితూచి కొనాల్సి వస్తోంది.

హాఫ్ టైమ్:
గడియ సంగతి సరే, ప్రీమియర్ లీగ్ మీ సిటీ మీద పెట్టిన ఆ 115 ఆరోపణల సంగతేంటి బ్రో?

నీలి చంద్రుడు:
2020లో యూఈఎఫ్‌ఏ మాకు రెండేళ్ళ నిషేధం వేస్తే క్రీడా కోర్టు కొట్టేసింది. 30 మిలియన్ యూరోల జరిమానా 10కి దిగింది. ఇంతకన్నా లాగితే గొడవ మొదలవుతుంది, ఇక్కడితో ఆపుతా.

వాన రాత్రి:
మీరంతా పెద్ద క్లబ్బుల దగ్గరే ఉన్నారు. నేను 2019లో మాంచెస్టర్‌లో చదువుకునేదాన్ని. నాతో ఒకే ఇంట్లో ఉండే అమ్మాయిది బరీ. ఆ వేసవికి ముందు జీతాలు సరిగ్గా అందకపోయినా ఆ ఊరి క్లబ్ ఆటగాళ్ళు పై డివిజన్‌కి ప్రమోషన్ తెచ్చారు. క్లబ్‌ని అంతకుముందు డిసెంబర్‌లో ఒక్క పౌండుకి కొన్న ఓనర్ దగ్గర నడపడానికి డబ్బుందని లీగ్‌కి నిరూపించలేకపోయారు.

ఆగస్ట్ 27న గడువు. కొత్తవాళ్ళెవరో కొంటున్నారు, శనివారం మ్యాచ్ ఉంటుందని ఆశ. స్టేడియం శుభ్రం చేయడానికి రమ్మంటే వందలమంది వచ్చారు. నేనూ వెళ్ళాను. బకెట్, స్పాంజి ఇచ్చి ఒక వరుస చూపించారు. మధ్యాహ్నానికి ఆ బేరం పోయిందని తెలిసింది. నా పక్కన తుడుస్తున్న పెద్దాయన ఫోన్ చూసుకుని జేబులో పెట్టేశాడు. మిగిలిన నాలుగు సీట్లూ తుడిచే లేచాడు. ఆ రాత్రే లీగ్ నుంచి తీసేశారు. 1894 నుంచి లీగ్‌లో ఉన్న క్లబ్ అది.

రవి గారూ, పోతే ఓనర్‌కే పోతుందన్నారు కదా. ఆ పెద్దాయనకి పోయింది.

హాఫ్ టైమ్:
జర్మనీ క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి. అయినా బయర్న్ వరసగా 11 టైటిళ్ళు కొట్టింది. 2024లో ఆపింది లెవర్‌కుసెన్, మందుల కంపెనీది, ఆ రూల్‌కి మినహాయింపు ఉన్న క్లబ్! దీన్నిబట్టి ఏం తేల్చాలో నాకైతే తెలీదు.

జమాఖర్చు:
వాన రాత్రి గారు చెప్పినదే అసలు పాయింట్. ఓనర్ ఎంత పెట్టాడని కాదు, రేపు మానేస్తే ఏంటని చూడాలి. 2022 మార్చిలో అబ్రమోవిచ్ మీద ఆంక్షలు పడ్డాక చెల్సీ లాంటి క్లబ్‌కే షాపు మూతపడింది, బయటి మ్యాచ్‌కి ప్రయాణ ఖర్చు 20,000 పౌండ్లు దాటకూడదన్నారు. కొనేవాళ్ళు క్యూ కట్టారు కాబట్టి గట్టెక్కింది, బరీకి ఎవరున్నారు? 2025లో ఇంగ్లండ్‌లో స్వతంత్ర రెగ్యులేటర్ కోసం చట్టం వచ్చింది. ఓనర్ డబ్బు ఎక్కడిది, క్లబ్ నడపడానికి ప్లాన్ ఉందా అని అడిగే అధికారం దానికుంది.

టాఫీ రవి:
90 సంగతి తెలీకే వాడి దగ్గర ఓడిపోయా. వాన రాత్రి గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంతకీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్‌కి 4 పాయింట్లు ఎందుకు పోయాయి? వాళ్ళు తమ ఆటగాడు జాన్సన్‌ని మంచి ధరకే అమ్మారుగా?

జమాఖర్చు:
అమ్మారు, 47.5 మిలియన్లకి. కాకపోతే లెక్కలు జూన్ 30న మూస్తారు, అమ్మింది సెప్టెంబర్ 1న. ఎక్కువ ధర కోసమే ఆగామన్నారు, కమిషన్ వినలేదు.