అప్‌డేట్: ఆర్మ్ బోర్డు మీద ప్లాస్మా బిల్డ్ మధ్యలో ఆగిపోయే సమస్య తీరింది

ముందు చెప్పింది గుర్తు చేస్తాను: 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో సోర్స్ కోడ్ నుంచి సాఫీగా బిల్డ్ అయిన ప్లాస్మా (లినక్స్ డెస్క్‌టాప్), 2 జీబీ ర్యామ్ ఉన్న ఆర్మ్ బోర్డులో (ఆర్మ్ చిప్ ఉన్న చిన్న కంప్యూటర్) మాత్రం కేవిన్ (ప్లాస్మాలో విండోలను నడిపే భాగం) దగ్గరికి రాగానే ఆగిపోయేది. ప్రతిసారీ వేరే ఫైల్ దగ్గర ఆగేది. అందుకే అంత తికమక.

డీమెసేజ్ (లినక్స్ కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) చూడమన్నవారికి థ్యాంక్స్. చివరి లైన్లలోనే ఉంది: 'అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్', పక్కనే బ్రాకెట్లలో సీసీ1ప్లస్ (సీ ప్లస్ ప్లస్ కంపైలర్). అంటే కోడ్‌లో తప్పేమీ లేదు, ర్యామ్ చాలక కెర్నలే కంపైలర్‌ని చంపేస్తోంది. మనం ఏమీ చెప్పకపోతే నింజా (బిల్డ్ పనులు నడిపే టూల్) 4 కోర్‌లున్న మెషీన్‌లో ఒకేసారి 6 పనులు నడుపుతుందట. ఈ సంగతి నాకు ఇంతవరకు తెలియదు!

నింజాకి మైనస్ జే 2 (ఒకేసారి రెండే పనులు) ఇచ్చి, 4 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ స్థలం) జోడించాను. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పూర్తయింది. స్వాప్ ఒక్కటే పెట్టి చూస్తే బోర్డు నత్తలా పాకింది, కాబట్టి జాబ్‌లు తగ్గించడమే అసలు మందు.

గ్రాఫిక్స్ డ్రైవర్, మీసా (గ్రాఫిక్స్ లైబ్రరీ) వెర్షన్ గురించి నేను పడ్డ టెన్షన్ అంతా వృథా. వాటికీ దీనికీ సంబంధమే లేదు. జీసీసీ కంపైలర్ వెర్షన్ మార్చడం కూడా అనవసరం, మళ్లీ పాతదే పెట్టుకున్నాను.