సీనియర్లని ఎప్పుడు ఆపాలి, కుర్రాళ్లని ఎప్పుడు దించాలి?

ఫ్రీకిక్_ఫ్యాన్:
రెండ్రోజుల్నుంచి నా ఫ్రెండ్‌కీ నాకూ ఇదే గొడవ. ఫుట్‌బాల్ నేషనల్ టీమ్‌లో 33, 34 ఏళ్లు దాటినోళ్లని మొహమాటం లేకుండా తీసెయ్యాలి, ఆ ప్లేస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లని దించితే మొదట్లో నాలుగు మ్యాచులు పోయినా తర్వాత వాళ్లే కుదురుకుంటారు అంటాడు వాడు. ప్రతిసారీ జర్మనీనే చూపిస్తాడు, 2014లో వరల్డ్ కప్పు కొట్టినోళ్లనే నమ్ముకుని 2018కి వెళ్తే మెక్సికో మీదా కొరియా మీదా ఓడి గ్రూప్‌లోనే ఇంటిముఖం పట్టారు కదా అని. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ అందరూ కుర్రాళ్లే అయితే నాకౌట్‌లో ఒక గోల్ పడగానే టీమ్ మొత్తం చేతులెత్తేస్తుందేమో అని నా భయం. ఎంతమంది సీనియర్లుంటే కరెక్టు? అసలు దీనికో లెక్కంటూ ఉందా? బాగా ఫాలో అయ్యేవాళ్లు చెప్పండి ప్లీజ్.

స్టాపర్_5:
మీ ఫ్రెండ్ జర్మనీ కథ సగమే చెప్పాడండి. 2018 ఘోరమే, ఒప్పుకుంటా. 2017లో డ్రాక్స్‌లర్ కెప్టెన్సీలో కుర్ర టీమ్ వెళ్లి ఫైనల్లో చిలీని కొట్టి కాన్ఫెడరేషన్స్ కప్ తెచ్చింది, అంటే సరుకు చేతిలోనే ఉంది, అయినా మరుసటేడు వరల్డ్ కప్‌కి కుర్ర వింగర్ సానేని తీసుకెళ్లలేదు. సరే, ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. 2019 మార్చిలో కోచ్ జోకిమ్ లోవ్, 2014లో గెలిపించిన ముల్లర్, హుమెల్స్, బోటెంగ్ ముగ్గురికీ ఒక్కసారే ఇంక మీరొద్దని చెప్పేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేస్తే అదో రకం, వీళ్లు నడి ఏట్లోనే తగలేశారు. 2020 నవంబర్‌లో స్పెయిన్ 6-0తో చితక్కొట్టింది, ఇంక ఆ తర్వాతి ఏడాది యూరోకి (యూరప్ దేశాల కప్పు) ముల్లర్‌నీ హుమెల్స్‌నీ మళ్లీ పిలిచారు, వెంబ్లీలో ఇంగ్లండ్ చేతిలో 2-0తో అక్కడితో ఆగిపోయింది.

క్లబ్‌లో అయితే రోజూ కలిసి ప్రాక్టీస్ ఉంటుంది, నేషనల్ టీమ్‌కి దొరికేది మధ్యమధ్యలో కొన్ని రోజులు. ఇద్దరు స్టాపర్ల (గోల్ ముందు నడిమధ్య నిలబడే డిఫెండర్ల) మధ్య ఎవడు ముందుకెళ్లాలి ఎవడు వెనక ఆగాలి అనేది మాట్లాడుకోకుండా కుదరాలంటే ఏళ్లు పడుతుంది, అది ఒక్క ఫోన్ కాల్‌తో కూలగొడితే మళ్లీ కట్టడానికి టైమే ఉండదు. నేనైతే ఒక టోర్నీకీ ఇంకో టోర్నీకీ మధ్య ఇద్దరు ముగ్గుర్ని మించి మార్చను, అదీ డిఫెన్స్ అయినా మిడ్‌ఫీల్డ్ అయినా ఒకే లైన్‌లో అస్సలు మార్చను.

వింగ్_మీద_కన్ను:
ఎంతమంది అన్నది వదిలెయ్ బ్రో, ఎవరి వంతు పరుగు ఎవరు పరిగెడుతున్నారో చూడు. 2022లో అర్జెంటీనా మొదటి మ్యాచ్ సౌదీ మీద 2-1తో ఓడింది కదా, కోచ్ స్కలోనీ సీనియర్లందర్నీ తీసి పారేయలేదు, 35 ఏళ్ల మెస్సీ, 34 ఏళ్ల ఓటమెండీ అలాగే ఉన్నారు. పోలాండ్ మ్యాచ్‌కొచ్చేసరికి వాళ్ల చుట్టూ మాత్రం మార్చేశాడు, 21 ఏళ్ల ఎంజో ఫెర్నాండెజ్, 22 ఏళ్ల అల్వారెజ్ మొదటి పదకొండులోకి వచ్చేశారు. ఆ మ్యాచులు మళ్లీ పెట్టుకుని బాల్‌ని కాకుండా మెస్సీని మాత్రమే చూడు, చాలాసేపు నడుస్తూనే ఉంటాడు, తల మాత్రం అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, పక్కన అల్వారెజ్, డి పాల్ డిఫెండర్ల మీద పడి పరిగెడుతుంటారు. అతని కాళ్లు మిగిల్చింది వీళ్లే.

ఫైనల్లో డి మరియా కూడా అంతే. ఎడమ పక్కన పెనాల్టీ తెచ్చాడు, రెండో గోల్ తనే కొట్టాడు, 64వ నిమిషంలో బయటికొచ్చేశాడు. ఆ తర్వాత ఫ్రాన్స్ రెండు కొట్టి సమం చేసింది, అది చూసి తీయకుండా ఉండాల్సింది అంటారు చాలామంది, నాకైతే 34 ఏళ్ల మనిషి నుంచి గంటసేపు అలాంటి ఆట వస్తే అంతకంటే అడగడం అత్యాశ అనిపిస్తుంది.

కొత్త_నెత్తురు:
నేను ఒప్పుకోను. మెస్సీని ఉదాహరణగా చెప్తే ఏ వాదనైనా గెలుస్తుంది. ఇటలీ 2010 చూడండి, 2006లో కప్పు గెలిపించిన కోచ్ లిప్పీ తిరిగొచ్చి 36 ఏళ్ల కన్నవారో కెప్టెన్‌గా పాతోళ్లనే పట్టుకెళ్లాడు, పరాగ్వేతో డ్రా, న్యూజిలాండ్‌తో డ్రా, స్లొవేకియా మీద ఓటమి, గ్రూప్‌లో ఆఖరు. కృతజ్ఞత వేరు, టీమ్ సెలెక్షన్ వేరు. పోర్చుగల్ కోచ్ 2022లో రొనాల్డోని బెంచ్ మీద కూర్చోబెట్టి రామోస్‌ని దించితే స్విట్జర్లాండ్ మీద హ్యాట్రిక్ కొట్టాడు, 6-1. ఆ కుర్రాడు అంతకుముందు ఎక్కడున్నాడు? బెంచ్ మీదే!

ఇంకోటి, కుర్రాళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు. స్పెయిన్ కోచ్ దెలా ఫ్యూయెంతె సీనియర్ టీమ్‌కి రాకముందు అండర్-19తో 2015లో, అండర్-21తో 2019లో యూరో గెలిచినోడు. రోడ్రి, మెరీనో, సిమోన్, ఓల్మో, ఒయార్జాబల్ వీళ్లంతా అతని చేతి కింద ఆడినోళ్లే. అందుకే 2024లో స్పెయిన్ యూరో గెలిచినప్పుడు వాళ్లకి కొత్తగా పాఠం చెప్పాల్సిన పని పడలేదు. ఆ ఏర్పాటు లేని దేశాలే సీనియర్లని పట్టుకుని వేలాడతాయి.

పాత_మ్యాచులు:
ప్రశ్న అడిగినాయన భయానికి ఒక్క సీన్ చెప్తాను. 1958 వరల్డ్ కప్ ఫైనల్, 4వ నిమిషంలోనే స్వీడన్ గోల్ కొట్టేసింది. బ్రెజిల్ టీమ్‌లో పీలేకి 17 ఏళ్లు. సీనియర్ మిడ్‌ఫీల్డర్ దిదీ నెట్‌లోంచి బాల్ తీసుకుని చంకలో పెట్టుకుని సెంటర్ దాకా నింపాదిగా నడిచొచ్చాడు, అస్సలు పరిగెత్తలేదు. మ్యాచ్ 5-2, పీలేవి రెండు గోల్స్. ఆ నడక ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరండి.

ఫ్రీకిక్_ఫ్యాన్:
అందరికీ థాంక్స్. దిదీ సంగతి చదివాక 2024 యూరో సెమీస్, స్పెయిన్-ఫ్రాన్స్ మ్యాచ్ మళ్లీ పెట్టుకుని చూశా. స్పెయిన్ రెగ్యులర్ రైట్ బ్యాక్ కర్వహాల్ సస్పెండ్ అవడంతో రైట్ బ్యాక్‌లో 38 ఏళ్ల నవాస్, సరిగ్గా అతని ముందు రైట్ వింగ్‌లో 16 ఏళ్ల యమాల్! ఎంబాపె అటువైపు నుంచే క్రాస్ వేసి ఫ్రాన్స్‌కి గోల్ ఇప్పించాడు, నవాస్‌కి ఎల్లో కార్డ్ కూడా పడింది, చూస్తుంటే పాపం అనిపించింది. కాసేపటికే యమాల్ బాక్స్ బయట నుంచి ఎడమకాలితో పోస్ట్‌కి తగిలి లోపలికెళ్లేలా కొట్టాడు కదా. గంట కాకముందే నవాస్‌ని మార్చేశారు. ఇది నా ఫ్రెండ్‌కి చూపిస్తే చూశావా నే చెప్పలా అంటాడు, నేనూ అదే అంటాను. స్టాపర్ గారూ, ఇద్దరు ముగ్గురే మార్చాలన్నారు కదా, గోల్‌కీపర్ని కూడా ఆ లెక్కలోనే వేస్తారా? 1982లో ఇటలీకి 40 ఏళ్ల గోల్‌కీపర్ జోఫ్ కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు, అదే టీమ్‌లో బెర్గోమీకి 18.